తెరుచుకోని పట్టీ

జూన్ 2

నీళ్ళ వేడి ఇరవై తొమ్మిది. క్లోరిన్ సరిపోయింది. పొద్దున వచ్చినవాళ్ళు డెబ్భై నలుగురు.

ఈ పుస్తకంలో రోజూ రాయాల్సింది ఇంతే. సముద్రం మీద కట్టిన నాలుగో మెరక ఊళ్ళో ఈతకొలను చూసుకునే ఉద్యోగం నాది. పేరు ఓలేటి నూకరత్నం, వయసు యాభై ఏడు. ఈతకొలను అన్న పేరే గాని ఇందులో ఈదేవాడు ఒక్కడూ లేడు. వచ్చినవాళ్ళు పంపు దగ్గర వరుసలో నిలబడి నడుముకున్న తేలుపట్టీలో గాలి నింపుకుంటారు. మెట్లు దిగి గంటసేపు బొండాల్లా తేలుతూ కబుర్లు చెప్పుకుంటారు. ఎక్కి వెళ్ళిపోతారు. జుట్టు తడవదు, కాటుక చెరగదు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

ఇవాళ ఇంకొంచెం రాయాలి. పేరాబత్తుల కామేశం పంపు చూడటానికి వచ్చాడు. మెరకలో అందరి పట్టీలనీ ఏటేటా పరీక్షించి ముద్ర వేసే ఉద్యోగం అతనిది. లోతు వైపు తడి గచ్చు మీద కాలుజారి నీళ్ళలో పడ్డాడు. పట్టీలో గాలి నింపుకోలేదు. నింపకపోయినా భయం ఉండకూడదు. పట్టీ లోపల మందుగోళీ ఉంటుంది. గాలి లేని పట్టీ నీళ్ళలో మునగగానే అది పగిలి, చిటికెలో పట్టీ ఉబ్బి మనిషిని పైకి తేవాలి. కింద సముద్రం, పైన స్తంభాల మీద మేము ఆరువందలమంది. ఆ గోళీని నమ్ముకునే బతుకుతున్నాం.

కామేశం పట్టీ ఉబ్బలేదు.

ఐదు లెక్కపెట్టాను. అతను రాయిలా కిందికి పోయాడు. నా పట్టీ కొక్కెం లాగి గట్టు మీద పడేశాను. అది నడుమున ఉంటే నేను కిందికి పోలేను. మూడు మీటర్ల అడుగున దొరికాడు. నా మెడ వాటేసుకున్నాడు. మోచేత్తో మొహం మీద గుద్ది, వెనక నుంచి చంకలో చెయ్యి వేసి పైకి లాక్కొచ్చాను.

గట్టు మీద ఆడవాళ్ళు ఒకటే కేకలు. అతన్ని చూసి కాదు, నన్ను చూసి.

"పట్టీ తీసేసింది! పిల్లల ముందు పట్టీ తీసేసిందండీ!"

జూన్ 3

విచారణ జరిగింది. మెరక పెద్ద గుత్తుల అచ్యుతం కుర్చీలో, నేను నిలబడి.

"ఏవమ్మా రత్నం, పాతికేళ్ళుగా మన మెరకలో ఒక్క మనిషి మునగలేదు. నడుమున పట్టీ ఉంది కాబట్టే ఆ మాట అనగలుగుతున్నాం. నువ్వే తీసి పారేస్తే ఎలాగ?"

"అతని పట్టీ ఉబ్బలేదండి. అతన్నే అడగండి."

కామేశం మూలన నిలబడ్డాడు. ముక్కు వాచి ఉంది, నేను గుద్దిన గుద్దుకి. నా వైపు చూడలేదు.

"పట్టీ బాగానే ఉందండి. ఉబ్బేలోపే ఈవిడ తొందరపడి మీద పడిపోయారండి."

పాత వరదల్లో ఈత వచ్చనే ధీమాతో దూకినవాళ్ళే ముందు పోయారని ఇక్కడ బడిలో చెబుతారు. అందుకే ఈత నేర్పడం నిషేధం. పట్టీలు రాకముందు నేను రాష్ట్రం తరఫున రెండొందల మీటర్ల బటర్‌ఫ్లై ఈదినదాన్ని. అదీ నా మీద నేరంలాగే చదివారు.

శిక్ష: ఇకనించి నా పట్టీకి ఇత్తడి తాళం. తాళంచెవి అచ్యుతం దగ్గర ఉంటుంది. స్నానానికి కూడా తియ్యడానికి లేదు.

జూన్ 5

వచ్చినవాళ్ళు పంతొమ్మిది మంది. నా కొలనుకి పిల్లల్ని పంపడం మానేశారు. మా తలుపు మీద బొగ్గుతో 'ముంచేది' అని రాశారు. కడిగాను. సాయంత్రానికి మళ్ళీ రాశారు.

మధ్యాహ్నం మైకులో చాటింపు. ఈ నెల ముప్పయ్యో తేదీకి తేలుపట్టీలు వచ్చి పాతికేళ్ళు. ఆ ఉదయం మెరకలో ప్రతి ఒక్కరూ వరుసల వారీగా సముద్రంలోకి దూకాలి. గాలి ముందుగా నింపుకోకూడదు, గోళీలనే నమ్ముకోవాలి. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు చివరి వరుస.

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

జూన్ 8

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కొలను మూసి గచ్చు కడుగుతాను. ఆ వేళకి కామేశం వచ్చాడు. చీపురు పట్టుకునే ఎదురెళ్ళాను.

"బయటికి నడు."

"ఒక్క మాటండి, రత్నంగారూ. ముద్రకి వచ్చిన పట్టీలు నలభై ఇంటి దగ్గర బక్కెట్టులో ముంచి చూశానండి. ఇరవై మూడు ఉబ్బలేదండి."

చీపురు కింద పెట్టాను.

గోళీలు ఆరేళ్ళుగా కొత్తవి రావడం లేదు. ఒకసారి పరీక్షిస్తే ఆ గోళీ ఖర్చయిపోతుంది. అందుకని పరీక్షించడం మానేసి ముద్రలు మాత్రం వేస్తూ వచ్చాడు. కొలనులో అందరూ పంపుతో గాలి నింపుకుంటారు, సముద్రం వైపు అంతా కటకటాలే. ఎవరూ నీళ్ళలో పడలేదు, ఎవరికీ తెలియలేదు.

"పెద్దకి చెప్పు."

"చెబితే ఆరేళ్ళ ముద్రలూ నావేనండి. నన్ను బతకనిత్తారా?" అని గొంతు తగ్గించాడు. "దూకుడులో నాది మొదటి వరసండి. నాకు ఈత నేర్పండి. ఇరవై రోజులుంది కదండి."

"ఆరువందలమంది సంగతి?"

తను ఒక్కడూ బయటపడితే చాలనుకుని వచ్చాడు. అడుగున ఇంకాసేపు ఉండనివ్వాల్సింది వీణ్ణి అనిపించింది. అనిపించిందనే రాస్తున్నాను.

బయటికి గెంటాను.

జూన్ 9

అచ్యుతం గదికి వెళ్ళి, అక్కడున్న నలుగురి ముందే అంతా చెప్పాను. ఆయన కామేశాన్ని పిలిపించాడు.

"ఏం కామేశం, గోళీలు చచ్చిపోయాయంటుంది ఈవిడ. నువ్వే చెప్పావంట."

"నేనెందుకు చెబుతానండి? అన్నీ బాగున్నాయండి."

అచ్యుతం నా వైపు తిరిగాడు. "పాతికేళ్ళ నుంచీ నీకు ఈ పట్టీలంటే కడుపుమంట. అది నాకు తెలుసు. వేడుక అయ్యేదాకా నోరు మూసుకో."

కడుపుమంట నిజమే. అందుకే నా మాట ఎవరూ నమ్మరని అచ్యుతానికి బాగా తెలుసు.

జూన్ 12

ఇవాళ పరువు పోయింది.

సాయంత్రం జనం ఎక్కువగా ఉన్న వేళ చూసి గట్టెక్కి అరిచాను. "మీ గోళీల్లో సగం చచ్చిపోయాయి. నా పట్టీ కూడా ఆరేళ్ళ నాటిదే. తాళం వేసి ఉంది, గాలి నింపలేదు. చూడండి!" అని లోతు వైపు దూకాను.

టప్‌మంది. పట్టీ ఉబ్బి చంకల్లోకి తన్నుకొచ్చింది. కాళ్ళూ చేతులూ గాలిలో ఆడిస్తూ తేలాను. సగంలో బాగున్న సగం నాకే దక్కింది.

అలాంటి నవ్వు నేను వినలేదు. ఎవరో అరటితొక్క విసిరారు. బడిపంతులు త్రిమూర్తులు మాస్టారు ఒక్కరే చెయ్యి అందించి నన్ను గట్టెక్కించారు.

"లెక్క సరిగ్గా వచ్చినప్పుడు కొట్టెయ్యకూడదండి, రత్నంగారూ" అన్నారు నవ్వుతూనే. ఆయన మంచితనం అరటితొక్క కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

జూన్ 13

ఖర్చయిన గోళీ మార్పించుకోవడానికి కామేశం ఆఫీసుకి వెళ్ళాను. గోళీల పెట్టె తెరిచి చూపించాడు. ఖాళీ. నా ఖాళీ పట్టీ మీదే ముద్ర వేసి పంపించాడు.

జూన్ 14

నీళ్ళ వేడి ఇరవై ఎనిమిది.

మధ్యాహ్నం తలుపు గడియ వేసి నీళ్ళలోకి దిగాను. ఇప్పుడు నా పట్టీలో గాలీ లేదు, గోళీ లేదు. వట్టి బెల్టు. పాతికేళ్ళ తర్వాత మొదటిసారి ఈత కోసం ముఖం నీళ్ళలో పెట్టి గోడని తన్నాను.

ఒకప్పుడు ఈ పాతిక మీటర్లకి పద్దెనిమిది బారలు పట్టేవి. ఇవాళ ఇరవై ఏడు పట్టాయి. కుడిభుజం కలుక్కుమంది. మధ్యలో రెండుసార్లు నీళ్ళు మింగాను. అయినా అడుగున నీలి పలకలు వెనక్కి జరుగుతుంటే, చెవుల్లో ఆ హోరు తప్ప ఏ మనిషి గొంతూ వినపడకుండా ఉంటే, అవతలి గోడ చేతికి తగిలాక కూడా ఆగలేకపోయాను. ఎనిమిది సార్లు అటూ ఇటూ తిరిగాను. పైకొచ్చాక మెట్ల మీద కూచుని ఏడ్చాను. కోపంతోనే.

జూన్ 15

కామేశం మళ్ళీ వచ్చాడు. ఈసారి చీపురు తియ్యలేదు. ఒక షరతు పెట్టాను.

"ఈత నేర్పుతాను. వేడుక రోజు, దూకేముందు, మైకులో నిజం చెప్పాలి. నీ నోటితో."

మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఆయ్. చెబుతానండి."

నమ్మలేదు. అయినా దింపాను. నేర్పడం తెలిసినదాన్ని, మునిగేవాణ్ణి గట్టు మీద నిలబెట్టి ఎన్ని రోజులని చూడను?

ముందు ముఖం నీళ్ళలో పెట్టి నోటితో బుడగలు వదలమన్నాను. గట్టు పట్టుకుని వదల్లేదు. మెడ పట్టి ముంచాను. నాకేం జాలి కలగలేదు.

జూన్ 18

కామేశం భార్య మంగతాయారు వచ్చింది. ఇరవైమంది చూస్తుండగా కొలను గట్టు మీద నిలబడి తిట్టిపోసింది.

"మా ఆయన రోజూ తడిబట్టల్తో ఇంటికొత్తన్నాడు. మూతి మీద కొట్టింది చాలక ఇప్పుడు ఏం చేత్తన్నావు ఆయన్ని? సిగ్గులేదా నీకు?"

కామేశం ఇంట్లో చెప్పలేదన్నమాట. భార్యది రెండో వరుస. ఆవిడ పట్టీ సంగతి కూడా చెప్పలేదు.

"నువ్వూ రా, నేర్పుతాను" అన్నాను.

నా ముఖం మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది.

జూన్ 22

కామేశం వెల్లకిలా తేలుతున్నాడు. గడ్డం పైకెత్తి, చెవులు నీళ్ళలో ఉంచి, పొట్ట పైకి పెట్టి పడుకోమంటే మొదటి నాలుగు రోజులూ కర్రలా బిగుసుకుని మునిగాడు. ఇవాళ వదిలేశాడు, తేలాడు. నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేదు.

తర్వాత అడిగాడు. "ఒక్కసారి సముద్రంలో చూపించండి. అక్కడ వేరేగా ఉంటదంట కదండి."

"నీ కోసం ఇంకో తాళం వేయించుకోమంటావా?" అన్నాను.

తాళం భయం కాదు. అతను అడిగింది ఇవ్వడం ఇష్టం లేదు, అంతే.

జూన్ 27

కామేశం కొలను సగం దాకా ఈదాడు. చేతులు కొట్టుకోవడం ఎక్కువ, ముందుకు పోవడం తక్కువ. వేడుకకి పడవలు పెట్టమని పెద్ద దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడిగాను. పడవలు పెడితే నమ్మకం లేనట్టుంటుందన్నాడు.

జూన్ 30, సాయంత్రం

కుడిభుజం లేవడం లేదు, అక్షరాలు సరిగ్గా రావు.

మొదటి వరుసలో ఆరుగురు. కామేశం, త్రిమూర్తులు మాస్టారు, టైలరు చక్రవేణి, ఇంకో ముగ్గురు. అచ్యుతం ఏ వరుసలోనూ లేడు, ఆయన డప్పు పక్కన కుర్చీలో ఉన్నాడు. నేను అడ్డుపడకుండా ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని నిచ్చెన దగ్గర ఆపారు.

పట్టీలు బాగున్నాయని చాటమని మైకు కామేశం చేతికిచ్చారు. "పట్టీలు..." అన్నాడు. బాగున్నాయనలేదు, బాగాలేవనీ అనలేదు. మైకు కింద పెట్టేసి, వేడుక కోసం కటకటాలు తీసిన అంచుకి నడిచాడు. చెప్పే ధైర్యం లేక దూకాడు.

అతను దూకగానే మిగిలిన ఐదుగురూ డప్పు కోసం చూడకుండా దూకేశారు.

మూడు పట్టీలు ఉబ్బాయి. ఆ ముగ్గురూ పైకొచ్చి చేతులూపారు. రెండో వరుస అంచుకి వచ్చింది. మంగతాయారు అందులో ఉంది. అప్పుడు స్తంభాల పక్కన కామేశం తల పైకొచ్చింది. నీళ్ళు కక్కుతూ, చేతులు బాదుకుంటూ అరిచాడు.

"దూకకండి! ఉబ్బట్లేదు! నా ముద్రలన్నీ అబద్ధం! దూకకండి!"

నన్ను పట్టుకున్న చేతులు వదులయ్యాయి. నేను దూకాను.

చక్రవేణి రెండు బారల లోతులోనే కనిపించింది. జడ పట్టి పైకి లాగి, తేలుతున్నవాళ్ళకి అప్పగించాను. మాస్టారి కోసం మళ్ళీ మునిగాను. నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి, చాచిన చెయ్యి కనిపించడం లేదు. ఉత్తరం వైపు వెతికాను. ఐదుసార్లు మునిగాను, ఐదుసార్లూ ఉత్తరం వైపే. ఆ వేళకి ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. పాతికేళ్ళుగా సముద్రంలో కాలు పెట్టలేదు, నాకు గుర్తులేదు. కామేశం అడిగిన రోజు ఒక్కసారి దిగి ఉంటే తెలిసేది.

ఆరోసారి పైకొచ్చేసరికి కామేశం స్తంభం వదిలి నా వైపు ఈదుతున్నాడు. నత్తగుల్లలు కోసి అరచేతులు నెత్తురు కారుతున్నాయి.

"నేనూ వెతుకుతానండి!"

"వెనక్కి పో! ఇంకో శవాన్ని మొయ్యలేను!"

మూడు గంటలకి మాస్టారు దొరికారు, దక్షిణం వైపు ఆఖరి స్తంభం దగ్గర. పట్టీ మీద ఈ ఏటి ముద్ర చెక్కుచెదరలేదు.

జూలై 4

అందరి పట్టీలూ బక్కెట్లలో ముంచి చూశారు. మొత్తం ఆరువందల నాలుగు. ఉబ్బనివి మూడువందల డెబ్భై ఒకటి.

కామేశాన్ని గిడ్డంగిలో పెట్టి తాళం వేశారు. అతని ఇంటి తలుపులు విరగ్గొట్టారు. మంగతాయారు విరిగిన తలుపుకి చీర అడ్డం కట్టుకుని లోపలే ఉంటోంది. మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆవిణ్ణి ఎవరూ బిందె పెట్టనివ్వడం లేదు.

అచ్యుతం మైకులో మాట్లాడాడు. ఈ సంగతి ముందుగా ఎవరూ తన దృష్టికి తేలేదట. నేను జనంలో నిలబడి వింటున్నాను. చాలామంది నా వైపు చూశారు. తొమ్మిదో తేదీన నేనేం చెప్పానో ఆ గదిలో ఉన్నవాళ్ళకి తెలుసు, పన్నెండున గట్టెక్కి ఏం అరిచానో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఇకనించి మెరకలో అందరూ ఈత నేర్చుకోవాలని ఆదేశం వచ్చింది. కింద సంతకం అచ్యుతానిదే. కాగితంతో పాటు నా తాళంచెవి పంపించాడు.

గిడ్డంగి కిటికీ దగ్గరికి వెళ్ళాను. కామేశం చేతులకి గుడ్డలు చుట్టుకుని కూచున్నాడు.

"మాస్టారు నా వల్లే పోయారండి."

"అవును" అన్నాను. అతనికి ఊరట ఇచ్చే మాట నా దగ్గర లేదు. ఇంకోటీ చెప్పాను. "నువ్వు అరవకపోతే రెండో వరుస దూకేది. అదీ నిజమే."

"మా ఆవిడకి నేర్పండి. నేను చెప్పానని చెప్పకండి, రాదు."

జూలై 9

నీళ్ళ వేడి ఇరవై తొమ్మిది. క్లోరిన్ సరిపోయింది. వచ్చినవాళ్ళు నూట ముప్పై.

నూట ముప్పైమందీ గట్టు చుట్టూ నిలబడ్డారు. నేను వాళ్ళకి నచ్చి రాలేదు, గతిలేక వచ్చారు. ఆ సంగతి దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"పట్టీలు తీసి గోడవైపు పడెయ్యండి" అన్నాను. ఎవరూ కదల్లేదు.

అప్పుడు తలుపు తోసుకుని మంగతాయారు వచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి, పట్టీ విప్పి నా కాళ్ళ దగ్గర పడేసింది. చచ్చిన గోళీ పట్టీ. ఆ రోజు రెండో వరుసలో ఆవిడ నడుమున ఉన్నది అదే.

గుంపు వెనక్కి జరిగింది. వెనక నించి ఓ మగగొంతు లేచింది. "ఆవిడ దిగిన నీళ్ళలో మేం దిగం!"

"అయితే మునగండి" అన్నాను.

మంగతాయారు చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. చెయ్యి చల్లగా, బిగుసుకుని ఉంది. నడుములోతు నీళ్ళలో నిలబెట్టి, ముఖం ముంచమన్నాను. ముంచింది. ఉక్కిరిబిక్కిరై లేచి దగ్గింది.

"నిన్ను చూస్తే ఇప్పటికీ అసయ్యమే నాకు" అంది దగ్గుల మధ్య.

"బుడగలు నోటితో వదలాలి. మళ్ళీ."

మళ్ళీ ముంచింది.

కొందరు వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వెళ్ళేవాళ్ళని దాటుకుంటూ ఓ ముసలావిడ ముందుకొచ్చింది. త్రిమూర్తులు మాస్టారి భార్య స్వరాజ్యంగారు. మంగతాయారు ఆవిణ్ణి చూసి నీళ్ళలోంచి బయటికి రాబోయింది. భుజం పట్టి ఆపాను.

"దాన్ని పైకి రమ్మను" అన్నారు స్వరాజ్యంగారు నాతో.

"రాదండి. పాఠం సగంలో ఉంది."

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొట్టడానికేమో చెయ్యి ఎత్తారు, దించేశారు. గట్టు పొడుగునా నడుచుకుంటూ కొలను అవతలి చివరికి వెళ్ళారు. గోడ పట్టుకుని పట్టీ విప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డారు. ఎవరూ సాయం చెయ్యలేదు, ఆవిడా అడగలేదు. పట్టీ ఊడింది. అవతలి మెట్ల మీంచి, మా వైపు వీపు పెట్టి, ఒక్కొక్క మెట్టే దిగారు. చీర కుచ్చిళ్ళు నీళ్ళ మీద ఉబ్బి లేచాయి. చేత్తో అదిమి, నడుములోతు మెట్టు మీదే నిలబడ్డారు.

ఇద్దరి మధ్యా పాతిక మీటర్ల నీళ్ళు.

ఇద్దరికీ వినపడేలా గొంతెత్తి చెప్పాను. "గట్టు గట్టిగా పట్టుకోండి. ఊపిరి తీసుకోండి. ఇప్పుడు, ముఖం నీళ్ళలో పెట్టండి."

పెట్టారు.